ఉత్తరాల సంస్థానం: రిల్కే నుంచి పించన్ దాకా

రిల్కే 'దుయీనో ఎలిజీలు' తెరిస్తే, మొదటి కవిత కన్నా ముందు ఒక చిన్న మాట కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటేసి తిన్నగా దేవదూతల దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ మాట ప్రకారం ఈ పది ఎలిజీలూ ప్రిన్సెస్ మారీ ఫాన్ టుర్న్ ఉంట్ టాక్సిస్-హోయెన్‌లోయె గారి ఆస్తిలోవి. ఆమెకి అంకితం ఇస్తున్నానని కవి అనలేదు. ఆమె సొత్తులోంచి తీసి మనకి చూపిస్తున్నానన్నట్టు రాశాడు.

అంకితాల సంగతి తెలుగు పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన కావ్యాల్లో కృతి కన్య, కవి కన్యాదాత, పుచ్చుకున్నవాడు కృతిభర్త. రాజుకి ఇచ్చి గండపెండేరం తొడిగించుకున్న పెద్దన ఎంత ప్రసిద్ధుడో, నరుడికి ఇవ్వనని భీష్మించుకున్న పోతన కథ కూడా అంతే ప్రసిద్ధం. ఇచ్చినా ఇవ్వకపోయినా ఒక సంగతి మాత్రం మారదు: కావ్యం మొదట కవిది, తర్వాతే ఇంకొకరిది. రిల్కే మాటలో ఆ 'మొదట' కనపడదు. ఒంటరితనం గురించి, లోపలి జీవితం గురించి ఇరవయ్యో శతాబ్దంలో అందరికన్నా ఎక్కువ మాట్లాడిన కవి, తన జీవితంలోని అతి పెద్ద రచన మీద వేరేవాళ్ళ పేరుతో యాజమాన్యపు ముద్ర వేశాడు. ఎందుకు? ఎవరీ టుర్న్ ఉంట్ టాక్సిస్ వాళ్ళు?

తమాషా ఏమిటంటే, ఇదే ఇంటిపేరు 1966లో అమెరికాలో వచ్చిన ఇంకో పుస్తకంలో కూడా ఉంది. థామస్ పించన్ నవల 'ది క్రయింగ్ ఆఫ్ లాట్ 49'. రిల్కే పాఠకులకి ఆ కుటుంబం అంటే సముద్రపు ఒడ్డున ఒక కోట, అందులో సహృదయురాలైన ఒక పెద్దావిడ. పించన్ పాఠకులకి అదే కుటుంబం యూరప్ ఉత్తరాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న ఒక గుత్తాధిపత్యం. ఈ రెండు రకాల పాఠకులూ ఒకరి పుస్తకం ఇంకొకరు తెరవనట్టే ఉంటారు. తెరిస్తే రెండు పుస్తకాలూ కొంచెం మారిపోతాయని నా వాదన.

*

ముందు కుటుంబం సంగతి.

జర్మన్ ప్రభువంశం అంటాం గానీ వీళ్ళ మూలం ఇటలీ. లంబార్డీలో బెర్గామో దగ్గర కొండల్లో కొర్నెల్లో అనే చిన్న ఊరు. ఇంటిపేరు టాసో. ఇటాలియన్‌లో టాసో అంటే బ్యాడ్జర్ అనే జంతువు. ఇప్పటికీ వాళ్ళ వంశచిహ్నంలో ఆ బ్యాడ్జర్ ఉంది. 'జెరూసలేం విముక్తి' కావ్యం రాసిన టొర్క్వాటో టాసో కూడా ఈ టాసోల్లోంచి వచ్చినవాడే. అంటే ఒకే చెట్టుకి ఒక కొమ్మ కవిత్వం వైపు పోయింది, ఇంకో కొమ్మ టపా వైపు పోయింది. టపా కొమ్మకే కాసులు కాశాయి.

1490ల్లో ఫ్రాన్సెస్కో టాసో, జర్మన్ పద్ధతిలో ఫ్రాంజ్ ఫాన్ టాక్సిస్, హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మాక్సిమిలియన్ కోసం టపా దారులు వేశాడు. దారి పొడవునా మజిలీలు, ప్రతి మజిలీలో సిద్ధంగా కొత్త గుర్రం, కొత్త రౌతు. మోసుకొచ్చినవాడు ఆగిపోయినా సంచీ ఆగదు. 1505లో మాక్సిమిలియన్ కొడుకు ఫిలిప్‌తో కుదిరిన ఒప్పందంలో గడువులు కూడా రాసుకున్నారు: బ్రసెల్స్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి వేసవిలో ఐదున్నర రోజులు, చలికాలంలో ఆరున్నర. వాళ్ళ రౌతులు ఊదే కొమ్ము బూర బొమ్మే ఈనాటికీ జర్మన్ తపాలా గుర్తు.

1615లో చక్రవర్తి ఈ పదవిని వంశపారంపర్యం చేశాడు. ఇక్కడిదాకా ఇది కష్టపడి పైకొచ్చిన ఒక వ్యాపార కుటుంబం కథ. దొరల మధ్య కూర్చోవాలంటే అది చాలదు. వెనకాల ఒక వంశవృక్షం ఉండాలి. దాన్ని పుట్టించిన మనిషి ఒక స్త్రీ కావడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. 1628లో భర్త లియోన్‌హార్డ్ చనిపోతే అలెక్జాండ్రీన్ అనే ఆవిడ, కొడుకు ఎదిగొచ్చేదాకా, 1646 వరకు సామ్రాజ్యపు టపా మొత్తం నడిపింది. అది ముప్పై ఏళ్ళ యుద్ధం నడుస్తున్న కాలం. సైన్యాలు దారులు తొక్కేస్తున్నాయి, మజిలీలు తగలబడుతున్నాయి, ప్రత్యర్థులు పోటీ టపాలు పెడుతున్నారు. ఆ గందరగోళంలోనే ఆవిడ వంశచరిత్రకారులని పిలిపించి, టాసోలు ఒకప్పుడు మిలాన్‌ని ఏలిన డెల్లా టొర్రె వంశీయులని రాయించింది. టొర్రె అంటే బురుజు, జర్మన్‌లో టుర్న్. 1650కల్లా ఇంటిపేరులో ఆ బురుజు అధికారికంగా చేరింది. బ్యాడ్జర్ పక్కన కోట బురుజు వెలిసింది. 1695లో 'ప్రిన్స్' బిరుదు వచ్చింది. మనవైపు సంస్థానాధీశులు సూర్యచంద్ర వంశాలతో చుట్టరికం రాయించుకున్నట్టే ఇదీ.

*

మరి టపావాళ్ళు రాజులకి వియ్యంకులు ఎలా అయ్యారు? డబ్బు ఒక కారణం. ఉత్తరాలు ఇంకో కారణం. సంచీ ఎవరి చేతిలో ఉంటుందో, సీలు కరిగించే అవకాశం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో వియన్నా ప్రభుత్వం 'నల్లగదులు' నడిపింది. అక్కడ ఉత్తరాలు విప్పి, నకలు తీసి, మళ్ళీ అతికించి, అనుమానం రాకుండా గమ్యానికి పంపేవాళ్ళు. టాక్సిస్ టపా యంత్రాంగం సహకరించకపోతే ఆ పని జరిగేది కాదు. ప్రతిఫలంగా హాబ్స్‌బర్గ్‌లు వాళ్ళని కనిపెట్టుకున్నారు. 1748 నుంచి రెగెన్స్‌బర్గ్ సామ్రాజ్య సభలో చక్రవర్తికి ప్రతినిధిగా కూర్చున్నది టాక్సిస్ ప్రిన్సే. ఆ కుటుంబానికి ఆ ఊరే స్థిరనివాసమైంది.

1806లో నెపోలియన్ ధాటికి ఆ సామ్రాజ్యమే పోయింది. సామ్రాజ్యం పోతే సామ్రాజ్యపు టపా కూడా పోవాలి. ఇక్కడ మళ్ళీ ఒక స్త్రీ కనిపిస్తుంది. ప్రిన్స్ కార్ల్ అలెగ్జాండర్ భార్య టెరీజ్ మెక్లెన్‌బర్గ్-ష్ట్రెలిట్స్ ఇంటి ఆడపడుచు. ప్రష్యా రాణి లూయిజె ఆమెకి చెల్లెలు. ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్ భార్య షార్లెట్ మేనత్త. ఈ చుట్టరికాలన్నీ వాడుకుని టెరీజ్ కుటుంబం తరఫున మంతనాలు నడిపింది. 1808లో ఎర్ఫుర్ట్‌లో నెపోలియన్, రష్యా జార్ అలెగ్జాండర్ సమావేశమైనప్పుడు, నెపోలియన్ మనిషి టాలేరాన్ తన యజమానికి వ్యతిరేకంగా జార్ చెవిలో ఊదింది టెరీజ్ ఇంట్లో సాయంత్రపు గోష్ఠుల్లోనే. యూరప్ రాజకీయం ఒక డ్రాయింగ్ రూములో మలుపు తిరిగింది, టీ కప్పుల మధ్య.

సాహిత్య పాఠకుడు ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోవచ్చు. జీన్ పాల్ తన పెద్ద నవల 'టైటన్'ని నలుగురు అక్కచెల్లెళ్ళకి అంకితం ఇచ్చాడు. వాళ్ళలో ఒకరు ప్రష్యా రాణి లూయిజె, ఇంకొకరు ఈ టెరీజ్. అంటే రిల్కే కన్నా నూరేళ్ళకి పైగా ముందే ఈ ఇంటి కోడలు కృతి పుచ్చుకుంది.

1815లో వియన్నా కాంగ్రెస్‌లో కుదిరిన జర్మన్ సమాఖ్య చట్టం ఒక విచిత్రమైన వెసులుబాటు ఇచ్చింది. రాజ్యాధికారం కోల్పోయిన ప్రభువంశాలు కూడా పెళ్ళిళ్ళ విషయంలో ఏలుతున్న వంశాలతో సమానమే అంది. రాజ్యం లేదు, సైన్యం లేదు, కానీ పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి అర్హత ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు టాక్సిస్ చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యం మీద నడిచింది.

నెట్‌ఫ్లిక్స్‌లో 'ది ఎంప్రెస్' చూసినవాళ్ళకి హెలీన్ గుర్తుండాలి. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కి ఇచ్చి చేద్దామని పెద్దలు అనుకున్న బవేరియా అమ్మాయి. 1853లో బాట్ ఇషుల్‌లో పెళ్ళిచూపులకి వచ్చిన చక్రవర్తి అక్కని వదిలి చెల్లెలు సిసీని ఇష్టపడ్డాడు. సినిమాలు, సిరీస్‌లు సిసీ వెనకాలే పోతాయి. అక్క ఏమైంది? 1858లో టాక్సిస్ వారసుడు మాక్సిమిలియన్‌ని చేసుకుంది. చట్టం సమానమన్నా, టపావాళ్ళతో సంబంధం ఏమిటని బవేరియా రాజు మొదట తటపటాయించాడు. 1867 జూన్ చివర్లో ఆ భర్త చనిపోయాడు. కొద్ది రోజులకి, జులై 1న, కుటుంబం టపా కూడా పోయింది. ఆస్ట్రియాని ఓడించిన ప్రష్యా, 30 లక్షల థాలర్లు చేతిలో పెట్టి మొత్తం వ్యవస్థని లాగేసుకుంది. హెలీన్ కొడుకు తర్వాత ఒక హాబ్స్‌బర్గ్ ఆర్చ్‌డచెస్‌ని చేసుకున్నాడు. కూతురు పోర్చుగల్ బ్రగాంసా వంశంలోకి వెళ్ళింది. ఉత్తరాలు పోయాయి గానీ ఉత్తరాలు సంపాదించి పెట్టిన చుట్టరికాలు నిలిచాయి.

*

ఇప్పుడు రిల్కే దగ్గరికి.

మారీ ఈ వంశంలోని బొహీమియా శాఖ కోడలు. పుట్టింది వెనిస్‌లో, 1855లో. ట్రియెస్టె దగ్గర ఏడ్రియాటిక్ సముద్రం మీదికి వాలినట్టుండే దుయీనో కోట ఆమెకి తల్లి వైపు నుంచి వచ్చింది. ఆ తల్లి ఇంటిపేరేమిటో తెలుసా? టుర్న్-హోఫర్-వాల్సాస్సీనా. అంటే డెల్లా టొర్రె. రెండున్నర శతాబ్దాల క్రితం అలెక్జాండ్రీన్ కాగితం మీద కట్టించిన బురుజు, ఒక కోడలి పుట్టింటి ఆస్తిగా నిజమైన రాళ్ళతో ఆ కుటుంబానికి దొరికింది. కల్పించుకున్న వంశావళి అసలు కోటగా మారి ఎదురొచ్చినట్టు. నవలలో రాస్తే నమ్మం.

1911 అక్టోబర్ నుంచి 1912 మే దాకా రిల్కే ఆ కోటలో ఉన్నాడు. చాలాకాలం ఒంటరిగానే. 1912 జనవరిలో ఏం జరిగిందో మారీ తర్వాత జ్ఞాపకాల్లో రాసింది. రిల్కే అభిమానులందరికీ ఆ కథ కంఠతా వచ్చు: 'బోరా' అనే ఉత్తరపు గాలి ఉధృతంగా వీస్తోంది, సముద్రం మెరుస్తోంది, కవి బురుజుల మీద పచార్లు చేస్తున్నాడు, గాలిలోంచి ఒక గొంతు మొదటి పంక్తిని పలికింది. ఆ కథలో జనం వదిలేసే ముక్క ఒకటుంది. ఆ రోజు పొద్దున్న రిల్కేకి ఒక చికాకైన వ్యవహారపు ఉత్తరం వచ్చింది. దానికి జవాబు ఏం రాయాలా అని ఆలోచిస్తూనే ఆయన బయటికి వచ్చాడు. గొంతు వినపడ్డాక ఆ పంక్తి నోట్‌బుక్‌లో రాసుకుని, గదిలోకి వెళ్ళి, ముందు ఆ వ్యవహారపు ఉత్తరానికి జవాబు రాశాడు. సాయంత్రానికి మొదటి ఎలిజీ పూర్తయింది. కొద్ది రోజుల్లోనే దాన్ని మారీకి పోస్టు చేశాడు.

నాకు ఈ ముక్క దేవదూతల కన్నా తక్కువేం కాదు. ఆధునిక కవిత్వంలో అంతటి దివ్యక్షణం, జవాబివ్వాల్సిన ఒక ఉత్తరం నీడలో జరిగింది. అదీ, యూరప్‌కి ఉత్తరం అలవాటు చేసిన కుటుంబం ఇంట్లో. రిల్కే జీవితమే ఉత్తరాల మీద నడిచింది. 'ఒక యువకవికి ఉత్తరాలు' చదివి కవిత్వంలోకి వచ్చిన వాళ్ళు మనలోనే ఎంతమందో. ఆయనకి ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. ఉన్నదల్లా చిరునామాలు. ఒక కోట నుంచి ఇంకో కోటకి, ఒక ఆతిథేయి నుంచి ఇంకో ఆతిథేయికి, మజిలీలు మారుతూ సాగిన బతుకు. టాక్సిస్ టపా గుర్రంలాంటి బతుకే.

ఇక్కడ విమర్శకులు రెండు వర్గాలవుతారు. కవిత పుట్టిందా లేదా అన్నదే ముఖ్యం, ఎవరి గోడల మధ్య పుడితే ఏం అని ఒకరు. దొరల పంచన చేరి రాసిన కవిత్వం కాబట్టే అంత గాల్లో తేలుతుందని ఇంకొకరు. రెండూ తొందరపాటే. రిల్కేకి దొరల మీద మోజు ఉన్నమాట నిజం. తమది కారింథియా ప్రాంతపు పాత ప్రభువంశమని ఆయన నమ్మాడు. పెదనాన్న యారొస్లావ్ దాన్ని రుజువు చేయాలని తంటాలు పడ్డాడు, కుదరలేదు. అయినా రిల్కే ఆ ఊహాపూర్వీకుడి మీద 'కార్నెట్' రాశాడు. రారోన్‌లో తన సమాధి రాయి మీద వంశచిహ్నం ఉండాలని కోరుకున్నాడు. అంటే దుయీనోలో అతిథీ, ఆతిథ్యమిచ్చిన వంశమూ ఒకే రకం కల్పనలో భాగస్థులు. ఇద్దరికీ తమ వెనకాల ఒక బురుజు కావాలి.

కానీ ఎలిజీలు ఆ మోజు దగ్గర ఆగిపోలేదు, ఎందుకంటే చరిత్ర ఆగనివ్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దుయీనో ఇసొంజో యుద్ధరంగానికి పక్కనే పడింది. ఫిరంగులు కోటని బాగా దెబ్బతీశాయి. 1918లో చెకొస్లొవేకియా, 1919లో ఆస్ట్రియా ప్రభువుల బిరుదులని రద్దు చేశాయి. 1922 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని ముజో అనే చిన్న పాత కట్టడంలో, అదీ ఇంకొకరు అద్దె కట్టిన చోట, రిల్కే ఎలిజీలు పూర్తి చేసి మారీకి కబురు రాసేనాటికి, ఆ ప్రిన్సెస్ ఆమె సొంత దేశపు చట్టంలో ప్రిన్సెస్ కాదు. కోట సగం శిథిలం. ఆ పరిస్థితిలో కవి ఈ పుస్తకం ఆమె ఆస్తిలోది అంటున్నాడు.

ఇప్పుడు ఆ మాట మళ్ళీ చదవండి. ఆస్తి పోయినవాళ్ళకి మిగిలిన ఆస్తి ఇదీ, అని వినపడటం లేదా? కళ్ళకి కనపడే లోకాన్ని కనపడనిదిగా మార్చి లోపల దాచుకోవడమే మనిషి పని అని తొమ్మిదో ఎలిజీ పట్టుబడుతుంది. బయట కూలిన కోటని పుస్తకంలోకి మార్చి, యజమానురాలి పేరు మీదే రిజిస్టర్ చేశాడు రిల్కే. ఇది పొగడ్త కాదు, బాకీ తీర్చడం. అయితే ఒకటి మరవకూడదు. ఇలా గౌరవంగా బాకీ తీర్చగలగడం కూడా, పదేళ్ళు ఆగగలిగిన అప్పు దొరికిన కవికే సాధ్యం.

*

ఆ అప్పుకి డబ్బు ఎక్కడిది అని ఎలిజీలు అడగవు. ఆ ప్రశ్న పించన్ అడిగాడు.

'లాట్ 49'లో ఈడిపా మాస్ అనే కాలిఫోర్నియా గృహిణి, చనిపోయిన పాత ప్రియుడి ఆస్తి పంపకాల బాధ్యత మీద వేసుకుంటుంది. ఆ ఆస్తిలో ఒక స్టాంపుల సేకరణ ఉంది. ఎక్కడ చూసినా ఆమెకి ఒక గుర్తు కనిపిస్తుంటుంది: నోరు మూసిన టపా బూర. అది ట్రిస్టెరో అనే రహస్య టపా వ్యవస్థ గుర్తు. పదహారో శతాబ్దం నుంచి టాక్సిస్ గుత్తాధిపత్యాన్ని ఎదిరిస్తూ, ఇప్పుడు అమెరికాలో చెత్తడబ్బాల ముసుగులో నడుస్తున్న వ్యవస్థ. అది నిజమో, చనిపోయినవాడు ఆడిన ఆటో, ఈడిపా పిచ్చో తేలకుండానే, స్టాంపుల వేలం మొదలవబోతుండగా నవల ముగుస్తుంది. ట్రిస్టెరో కల్పన. టాక్సిస్ నిజం. 1852 నుంచి 1867 దాకా వాళ్ళు వేసిన అసలు స్టాంపులు ఈనాటికీ సేకర్తల ఆల్బముల్లో ఉన్నాయి.

పించన్ వేళాకోళం ఎంత పదునైందంటే, రహస్య టపా వాడే ఒక బృందంలో వారానికి కనీసం ఒక ఉత్తరం రాయాలన్న నిబంధన ఉంటుంది, లేకపోతే జరిమానా. చెప్పడానికేమీ లేక అందరూ కులాసా కబుర్లు రాసుకుంటారు. మన వాట్సాప్ గ్రూపుల 'గుడ్ మార్నింగ్'లకి ముత్తాత. కానీ ఈ నవల నాకు నచ్చేది అక్కడ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో రాత్రంతా తిరిగి అలిసిపోయిన ఈడిపాకి, మెట్ల మీద వణుకుతున్న ముసలి నావికుడు ఒకడు కనిపిస్తాడు. చేతి మీద బూర పచ్చబొట్టు. ఎన్నో ఏళ్ళ క్రితం వదిలేసి వచ్చిన భార్యకి రాసిన ఉత్తరం ఆమె చేతిలో పెట్టి, ఫ్రీవే కింద ఉన్న డబ్బాలో వెయ్యమంటాడు. ప్రభుత్వ తపాలాకి అతనికి నమ్మకం లేదో, అందులో అతనికి చోటు లేదో. ఈడిపా అతన్ని పసిపిల్లాడిలా పొదువుకుంటుంది. కుట్ర సిద్ధాంతాల నవల ఉన్నట్టుండి ఎలిజీ అయిపోతుంది.

లోపం కూడా చెప్పుకోవాలి. పించన్ చేతిలో టాక్సిస్‌లు మొహాలు లేని మనుషులు. ముప్పై ఏళ్ళ యుద్ధంలో టపా నడిపిన అలెక్జాండ్రీన్ నవలలో రెండు మూడు వాక్యాల్లో వచ్చి, పేరుకి మాత్రమే అధికారిలా వెళ్ళిపోతుంది. చక్రవర్తి చేత నియమితురాలై 18 ఏళ్ళు పనిచేసిన మనిషిని అలా తేల్చేయడం ఆశ్చర్యం, అదీ ఒక ఆడమనిషి భుజాన మగవాడి ఆస్తి లెక్కలన్నీ పెట్టిన నవలలో. ఈడిపాకి చరిత్రలో ఒక అక్క ఉంది. పించన్ ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు.

*

రెండు పుస్తకాలూ కలిపి చదివితే ఏం మిగులుతుంది? రిల్కే ఆ కుటుంబం ఇంట్లోకి వెళ్ళి దీపం వెలిగించాడు. పించన్ ఇంటి బయట, దారి పక్కన, సంచీ అందని వాళ్ళ మధ్య నిలబడ్డాడు. ఒకరికి ఇల్లు కనపడింది, ఇంకొకరికి దారి కనపడింది. కానీ దారి మీది వసూళ్ళతోనే కదా ఈ వంశం ఇళ్ళు లేచింది. రిల్కే విన్న గొంతుకి ఈ లెక్కలు తెలిసినంత మాత్రాన విలువ తగ్గదు. నావికుడి ఉత్తరం గుర్తుంటే మాత్రం, ఆ గొంతు వినడానికి అవసరమైన నిశ్శబ్దం ఎంత ఖరీదైందో తెలుస్తుంది.

ఇది పాత దొరల గొడవ అనుకోకండి. ఈనాడు మన మాటలు మోసేది కూడా నాలుగైదు సంస్థలే. వాటి దగ్గరా మజిలీలున్నాయి, వాటి దగ్గరా నల్లగదులున్నాయి. మనం ఒకరికొకరు పంపుకునే కవితలు, ఈ వెబ్ పత్రికతో సహా, ఎవరో వేసిన తీగల మీదే నడుస్తున్నాయి. చరిత్ర పుస్తకం ఈ సంగతి సమాచారంగా చెబుతుంది. సాహిత్యం దాన్ని ఒక ముసలివాడి వణుకుతున్న చేతిలో చూపిస్తుంది.

ఇంకా చదవనివాళ్ళు ముందు 'లాట్ 49' చదవండి, చిన్న పుస్తకమే. తర్వాత ఎలిజీలు తెరవండి. తెరిచాక దేవదూతల దగ్గరికి పరిగెత్తకుండా, మొదటి పేజీలో ఆ చిన్న మాట దగ్గర కాసేపు ఆగండి. అందులో ఒక పేరు, ఒక బురుజు, ఒక బ్యాడ్జర్, నాలుగు శతాబ్దాల గుర్రాల డెక్కల చప్పుడు ఉన్నాయి. అవి విన్నాక మొదటి ఎలిజీ మొదలుపెట్టండి.